ఆగిపోయిన పిట్ట

డ్రాయింగ్ టీచర్ మూడు రోజులుగా కెమెరా మెకానిక్‌కి మొహం చాటేస్తోంది. ఆమె ఉద్యోగం ఊడగొట్టింది అతనే మరి. అదీ మంచి చేద్దామనుకుని.

స్కూల్లో డాక్యుమెంట్ కెమెరా ఒకటి బల్ల మీదికి మెడ వంచుకుని ఉంటుంది. కింద కాగితం మీద ఏం గీసినా గోడ మీది తెరపై ఇంతింత పెద్దగా కనిపిస్తుంది. నిరుడు జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి టీచర్ కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. కాగితం మీద తెలియదు గానీ తెరపై దాగదు. ఆమెను ఉంచాలా వద్దా తేల్చడానికి కమిటీ పెద్దలు వచ్చి కూర్చున్న రోజున, ఆ వణుకు చూసి కెమెరా పక్కనే నిలబడ్డ అతని ప్రాణం విలవిల్లాడింది. ఎవరి కంటా పడకూడదని గబుక్కున తెర మీది బొమ్మని ఉన్నచోటే ఆపేసే ఫ్రీజ్ బటన్ నొక్కాడు. ఆమె తల వంచుకుని రెక్కలతో సహా పిట్టంతా గీసింది. తెర మీద మాత్రం మొదటి గీత దగ్గరే బొమ్మ ఆగిపోయింది. పది నిమిషాలకి ఒక్క గీతా అంటూ పెద్దలు ఆవలించి లేచిపోయారు. తప్పు నాదని అతను వెంటపడి చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు.

ఇవాళ ఆమెకి ఆఖరి రోజు. పొద్దుటి నుంచి ఒకటే ముసురు. కుంచెలు సర్దుకుందామని వచ్చేసరికి అతను కెమెరా దగ్గరే ఉన్నాడు.

"నా చెయ్యి వణికితే మీకేంటి?" అంది, అతని వంక చూడకుండానే.

"చూడలేకపోయానండీ."

"చూడలేకపోతే మీరు తల తిప్పుకోవాలి. నా బొమ్మ ఆపేస్తారా? మీ జాలి నాకెందుకు?"

జాలి కాదని చెప్పబోయి మానేశాడు. కెమెరా ఆన్ చేసి, ఆమె పెన్సిలే తీసుకుని పిట్టని గీయబోయాడు. వంకాయకి కాళ్ళు మొలిచినట్టు వచ్చింది. తెర మీద అతని చెయ్యి గడగడా వణుకుతోంది.

"నాకు ఏ జ్వరమూ రాలేదండీ. మీరంటే ఇష్టం, రెండేళ్ళుగా. రేపట్నుంచి మీరు కనిపించరనుకుంటే ఇలా అయిపోతోంది."

ఆమె తెర వంక చూసింది. వేలు ఫ్రీజ్ బటన్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఉద్యోగం పోయిన బాధ ఎక్కడికీ పోలేదు, కళ్ళు నిండుతూనే ఉన్నాయి. అయినా అతని చేతి మీద తన చెయ్యి వేసి వంకాయకి ముక్కు దిద్దింది. తెర మీద రెండు చేతులూ కలిసి వణికాయి.

"ఆదివారం మా నాన్న ఇంట్లోనే ఉంటారు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "వచ్చి అడగండి. ఈసారి మధ్యలో ఆపకండి."