బట్టతలవాడి దువ్వెన

"నీ దగ్గర దువ్వెన ఉందా?" అని అడిగాడు చీఫ్.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ నొచ్చుకోలేదు. అతని తలమీద వెంట్రుకలు మొలవడం మానేసి చాలా ఏళ్లయింది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని గుండు అనే పిలుస్తారు. కొత్తగా చేరినవాళ్లు అది తుపాకీ గుండు కాబోలనుకుని భయంభయంగా చూస్తారు. అతను టోపీ తీసేదాకా ఆ గౌరవం అలాగే ఉంటుంది.

"లేదు సార్."

"ఇవాళ ఒకటి ఇస్తాం. కూర్చో."

చీఫ్ టేబుల్ మీదికి ఒక ఫోటో తోశాడు. చూడగానే గుండు గుర్తుపట్టాడు. సరిహద్దు అవతల దర్జీ వేషంలో ఉంటున్న కుర్రాడు. కత్తెర పట్టుకోవడం దగ్గర్నుంచి కత్తిపోటు తప్పించుకోవడం దాకా వాడికి అన్నీ నేర్పింది తనే. తనని అన్నయ్యా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద వాడొక్కడే.

"పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు మన ఆఫీసు మెట్లెక్కుతుంటే వీణ్ణి ఎవడో ఫోటో తీశాడు. తీసినవాడు నిన్న మనకి చిక్కాడు. ఫిల్మ్ రోల్ మాత్రం అప్పటికే చేతులు మారింది. వాచీల ఇంపోర్ట్ కంపెనీ అని బోర్డు పెట్టుకున్న ముఠా ఉంది కదా, అక్కడ మేనేజర్ గదిలో సేఫ్‌లో ఉంది. వాళ్లు ఇక్కడ ఎవర్నీ నమ్మరు, ఫిల్మ్ కడిగేది అవతలే. సాయంత్రం నాలుగింటికి కొరియర్ వచ్చి రోల్ తీసుకుని విమానం ఎక్కుతాడు."

"కడిగితే?"

"దర్జీ మెడకి వాళ్లే కొలత తీస్తారు."

గుండు ఫోటో తిరగేసి పెట్టాడు. "రోల్ ఎత్తుకొచ్చేయనా?"

"వద్దు. పోయిందని తెలిస్తే అందులో ఎవడున్నాడో అని అక్కడున్న ప్రతి కొత్త మొహాన్నీ పట్టుకుంటారు. సేఫ్ తెరువు, ఫిల్మ్ బయటికి లాగి వెలుతురు చూపించు, మళ్లీ చుట్టేసి అక్కడే పెట్టు. కడిగితే నల్లటి రీలు తప్ప ఏమీ ఉండదు. ఫోటో తీసినవాడు చేతకానివాడని తిట్టుకుంటారు."

"సేఫ్ తాళం?"

"మారు తాళం చేయించాం. లోపల మనకో మనిషి ఉంది. ముత్యాల మేడమ్ అంటారు. మేనేజర్ తాళంచెవిని సబ్బు మీద అద్ది పంపింది."

"ఆవిడే తెరవొచ్చుగా?"

"ఆవిణ్ణి ఆ గదిలో ఒంటరిగా ఉండనివ్వరు. కస్టమర్‌ని అయితే ఉండనిస్తారు. పైగా ఆవిడ మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది. ఎవరికి ఎక్కువ చేస్తుందో ఆవిడకే తెలియాలి. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం. జాగ్రత్త."

"నా జుట్టు ఎవరికి అందుతుంది సార్."

చీఫ్ నవ్వు ఆపుకున్నాడు. "కోడ్ చెప్తా విను. ఆవిడ 'మోకాలు నొప్పి' అంటుంది. నువ్వు 'గుండుకి నూనె రాయండి' అనాలి."

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టారన్నమాట."

"కోడ్ అంటే అదేగా మరి."

కింద బేస్‌మెంట్‌లో డిపార్ట్‌మెంట్ వర్క్‌షాప్ ఉంది. అక్కడి పెద్దాయన్ని అందరూ మేస్త్రీ అంటారు. ఆయన ముందు ఒక విగ్గు, ఆ పక్కన ఒక స్టీలు దువ్వెన ఉన్నాయి.

"వాళ్ల గుమ్మం దగ్గర మెషీన్ ఉంది నాయనా. తాళాలు, పెన్నులు, సిగరెట్ లైటర్లు అన్నీ ట్రేలో పెట్టించేస్తారు. ఏదీ లోపలికి పోనివ్వరు. దువ్వెనకి కూత వచ్చినా పోనిస్తారు. దువ్వెనతో ఎవడేం చేస్తాడు?" మేస్త్రీ వెడల్పు పళ్ల వైపు కొసని నొక్కాడు. దువ్వెన వీపులోంచి సన్నటి తాళంచెవి జారి బయటికొచ్చింది. "ఇది సేఫ్‌ది. ఈ సన్నపళ్ల వైపు కూడా ఒక గాడి పెట్టా, బరువు సమంగా ఉండాలని. అది ఖాళీ. నీ ఇంటి మారు తాళం పెట్టుకో, చక్కగా సరిపోతుంది. ఎవరి దగ్గరుంటుంది నీ మారు తాళం?"

గుండు జేబులోంచి రింగు తీసి చూపించాడు. దానికి రెండు తాళాలున్నాయి, రెండూ ఒకటే.

మేస్త్రీ కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. "మారు తాళం కూడా అదే రింగుకా? పోతే రెండూ కలిసే పోతాయి కదయ్యా."

"ఇంట్లో మేకుకి తగిలించేవాణ్ణి. అక్కడ ఉన్నా ఒకటే అయింది."

ఎలా ఒకటే అయిందో మాత్రం మేస్త్రీకి చెప్పలేదు. ఒకరోజు పొద్దున పేపర్ తీసుకుందామని గుమ్మం బయటికి అడుగేస్తే వెనకాల తలుపు మూసుకుపోయింది. రెండు తాళాలూ లోపలే. పరాయి దేశాల సేఫులు హెయిర్‌పిన్నుతో తీసిన మనిషి, తన ఇంటి ముందు మెట్ల మీద బుద్ధిమంతుడిలా కూర్చుండిపోయాడు. ఆ అపార్ట్‌మెంట్‌లో అతను ఇన్సూరెన్స్ గుమాస్తా మరి. గుమాస్తా తాళం తీసేస్తే పక్కింటివాళ్లు ఏమనుకుంటారు? చివరికి తాళాలు రిపేరు చేసేవాడు వచ్చి, పని చేస్తూ చేస్తూ అడిగాడు. మారు తాళం ఎవరికీ ఇవ్వలేదా అండీ, అని. మామూలుగా అడిగిన మాటే అది. అయినా అది గుండె లోపల ఎక్కడో గుచ్చుకుని ఇప్పటికీ బయటికి రాలేదు. జనం అమ్మకిస్తారు, అక్కకిస్తారు, ఎదురింటామెకిస్తారు. ఇతనికి ఇద్దామంటే మనిషే లేరు. మనుషుల్ని దగ్గరికి రానివ్వకపోవడం ఉద్యోగంలో మొదటి రూలు. ఆ రూలు అతను మరీ బాగా పాటించాడు.

రింగులోంచి ఒక తాళం ఊడదీసి సన్నపళ్ల వైపు గాడిలో పెట్టాడు. క్లిక్ మంది. మేస్త్రీ విగ్గు అతికించడం మొదలుపెట్టాడు.

వాచీలు కొనే డీలర్‌నని వెళ్లిన గుండు చేత కంపెనీ రిసెప్షన్‌లో గార్డు ఇంటి తాళం, పెన్ను, లైటరు ట్రేలో పెట్టించాడు. మెషీన్ కూసింది. దువ్వెన చూపిస్తే పొమ్మన్నాడు. అప్పుడే లోపల్నుంచి ముత్యాల దండ, ఎత్తు మడమల చెప్పులు, ఎవరినీ పట్టించుకోని చూపు ఒకేసారి బయటికొచ్చాయి.

"డీలర్ గారా? రండి. మెల్లిగా నడుస్తున్నానని అనుకోకండి, మోకాలు నొప్పి."

"గుండుకి నూనె రాయండి మేడమ్."

గార్డు వింతగా చూశాడు. మేడమ్ పెదవి ఒక పక్కకి కొంచెం వంకర తిరిగింది. అది నవ్వో కాదో గుండుకి అర్థం కాలేదు.

మేనేజర్ గది చిన్నది. ఒక టేబులు, రెండు కుర్చీలు, మూల సేఫు. మేనేజర్ శాంపిల్ వాచీలు పరిచి ఒక్కోదాని గొప్పలు చెప్పుకొస్తుంటే, మేడమ్ తలుపు తీసి ఫోన్ వచ్చిందని పిలిచింది.

"ఇక్కడికి కనెక్ట్ చేయమను."

"బయటి లైన్‌లోనే మాట్లాడతారట. పెద్దాఫీసు నుంచి."

పెద్దాఫీసు అనగానే మేనేజర్ ఒక్క అంగలో లేచి వెళ్లాడు. తలుపు మూసుకుంది. గుండు వెడల్పు పళ్ల వైపు నొక్కాడు. తాళంచెవి సేఫ్‌లో వెన్నలో కత్తిలా దిగింది. రోల్ దొరికింది. ఫిల్మ్ మొత్తం బయటికి లాగి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. ఆ నల్లటి రిబ్బన్‌లో ఎక్కడో వాడి మొహం ఉంది. ఇక లేదు. మళ్లీ చుట్టి, ఉన్న చోటే పెట్టి, సేఫ్ మూసి, తాళంచెవి దువ్వెనలోకి నెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. మేనేజర్ తిరిగొచ్చేసరికి ఒక వాచీ చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు.

పని అయిపోయింది. లేచి నమస్కారం పెట్టి వచ్చేస్తే చాలు. కానీ అలవాటులో పొరపాటు అని ఊరికే అనలేదు పెద్దలు. విగ్గు కింద చెమట పట్టింది. ఎన్నో ఏళ్లుగా చేస్తున్నట్టే జేబులోంచి రుమాలు తీసి నడినెత్తి మీద పెట్టి గుండ్రంగా తుడుచుకున్నాడు. జుట్టున్నవాడెవడూ నడినెత్తి తుడుచుకోడు. రుమాలుతోపాటు విగ్గు కూడా గుండ్రంగా తిరిగింది, పాపిడి చెవిమీదికొచ్చింది.

మేనేజర్ సొరుగులోంచి పిస్తోలు తీశాడు. "గార్డ్. మేడమ్‌ని కూడా రమ్మను."

జేబులు దులిపారు. రుమాలు, దువ్వెన తప్ప ఏమీ దొరకలేదు. మేనేజర్ దువ్వెన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"విగ్గు తీసేస్తే నున్నటి గుండు. నీకు దువ్వెన ఎందుకయ్యా? పైగా ఇంత బరువుంది. ఏముంది ఇందులో?"

వెడల్పు పళ్ల వైపు నొక్కితే తన ప్రాణమే కాదు, సరిహద్దు అవతల కుట్టుమిషన్ ముందు కూర్చున్నవాడి ప్రాణం కూడా పోతుంది. సేఫ్ తెరిచారని తెలిస్తే చాలు, వేట మొదలవుతుంది. గుండు చేయి చాపాడు.

"ఇలా ఇవ్వండి. నేనే చూపిస్తా."

సన్నపళ్ల వైపు నొక్కాడు. ఇంటి తాళం బయటికొచ్చింది.

మేనేజర్ దాన్ని లాక్కుని తిన్నగా సేఫ్‌కి పెట్టి చూశాడు. తిరగలేదు. ఇంకోసారి తిప్పాడు. తిరగలేదు.

"ఏమిటిది?"

"మా ఇంటి మారు తాళం అండీ."

"మారు తాళం దువ్వెనలో దాస్తారా ఎవరైనా? ఇంట్లోవాళ్లకి ఇవ్వలేవా?"

"ఇంట్లో ఎవరూ లేరు."

"పక్కింట్లో?"

"వాళ్ల పేర్లు తెలియవు. చాలా ఏళ్ల నుంచి ఉంటున్నా అక్కడ, అయినా తెలియవు. మారు తాళం ఎవరికైనా ఇచ్చి ఉంచుదామంటే ఎవరూ గుర్తురారండీ. అందుకని నాకు నేనే ఇచ్చుకున్నా." పక్కకి తిరిగిన విగ్గుని చేత్తో సర్దుకున్నాడు. "విగ్గు కూడా అందుకే. జుట్టుంటే ఎవరైనా పలకరిస్తారేమోనని."

ఉద్యోగంలో చేరాక అతను ఎన్నో కవర్ స్టోరీలు చెప్పాడు. ఇంత బాగా ఏదీ చెప్పలేదు. చివర్లో విగ్గు మాట తప్ప ఇందులో అబద్ధమేమీ లేదు, ఆ మాట కూడా చెప్తున్నప్పుడు నిజమే అనిపించింది.

మేనేజర్ పకపకా నవ్వాడు. గార్డు కూడా నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. మేనేజర్ తాళాన్ని ఆమెవైపు విసిరి, దువ్వెన రెండో కొసని గోటితో గీకాడు. "ఇటు కూడా ఏదో గాడి ఉన్నట్టుందే."

"చూడనివ్వండి." మేడమ్ అతని చేతిలోంచి దువ్వెన తీసుకుంది. కొప్పు విప్పింది. భుజాలమీదికి జారిన జుట్టుని తాపీగా దువ్వుకోవడం మొదలుపెట్టింది. ఆమె బొటనవేలు వెడల్పు పళ్ల కొసని కప్పేసి ఉంది. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు, మేనేజర్ కూడా గాడి సంగతి మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు. "మంచి దువ్వెన. పాపం, వాడేవాడి దగ్గరే లేదు."

గుమ్మం దగ్గర బెల్ మోగింది. కొరియర్ వచ్చాడు.

మేనేజర్ పిస్తోలు సొరుగులో పడేశాడు. "వీణ్ణి పంపించెయ్. అవతల పనుంది." సేఫ్ తెరిచి రోల్ తీసి కొరియర్ చేతిలో పెట్టాడు. అది గుండు కళ్లముందే సంచిలోకి వెళ్లింది. మేడమ్ దువ్వెన తిరిగిచ్చింది, చూపు ఎటో ఉంచి.

"మోకాలు ఎలా ఉంది మేడమ్?" అన్నాడు గుండు మెల్లిగా.

"తగ్గింది," అంది.

వీధిలోకొచ్చాక, ట్రేలోంచి తీసుకున్న తాళం రింగుని జేబులో వేసుకుంటూ, దువ్వెన సన్నపళ్ల వైపు నొక్కి చూశాడు. గాడి ఖాళీగా ఉంది. తాళం కోసం వెనక్కి వెళ్లలేదు.

కొన్నాళ్లకి దర్జీ దగ్గర్నుంచి కబురొచ్చింది. అన్నయ్యకి కోటు కుడుతున్నాను, కొలతలు పంపమనండి, అని. చీఫ్ ఆ కబురు చదివి వినిపించి, దువ్వెన చేతిలోకి తీసుకున్నాడు.

"సేఫ్ తాళం ఉంది. రెండోది నీ ఇంటిదట, మేస్త్రీ చెప్పాడు. ఏది?"

"నా దగ్గర లేదు సార్."

"రూలు తెలుసుగా. తాళం పోతే తాళం మార్చాలి. ఇవాళే కొత్తది వేయించు."

"పోలేదు సార్. ఒకరి దగ్గర ఉంది."

చీఫ్ దువ్వెన టేబుల్ మీద పెట్టాడు. "ఆవిడ దగ్గరా? ఆవిడ ఎవరి మనిషో నాకే తెలియదు. దొంగ చేతికి తాళాలిచ్చి వచ్చావన్నమాట."

"మారు తాళం ఎవరికో ఒకరికి ఇవ్వాలి కద సార్."

ఆ రోజు ఇంటికొచ్చి, రింగు చేతిలో పట్టుకుని గుమ్మం ముందు ఆగాడు. పాత తాళమే, మార్చలేదు. ఎన్నడూ లేనిది, తన ఇంటి తలుపు తనే తట్టి, కాసేపు విన్నాడు. లోపల్నుంచి ఎవరూ పలకలేదు. ఫరవాలేదు, తలుపు తట్టగానే పలికితే ఆవిడ గూఢచారి ఎలా అవుతుంది.