జవాబిస్తున్న అక్క

చనిపోయి ఏడాది దాటిన మనిషి, ఇంట్లో పెద్దవాళ్ళంతా భోజనాల దగ్గరుండగా, జవాబిచ్చింది!

బల్ల మీదున్న అత్తగారి ఫోను టింగుమంది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసింది. అంతే... చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఒరేయ్! కోడలు జవాబిచ్చిందిరా!" అంది కొడుకుతో.

ఎదురుగా కూర్చున్న కోడలికి ఆ మాట తన గురించి కాదని తెలుసు. ఆ ఇంట్లో 'కోడలు' అంటే ఇప్పటికీ ఆ పోయినామె ఒక్కతే. ఈమె రెండో భార్యగా వచ్చి నెలలు గడిచినా, పోయినామె కూతురు చిట్టి పిలిచే 'పిన్ని' అన్న పిలుపే అందరి నోటా ఈమెకు పేరైపోయింది. మనమూ అలాగే పిలుచుకుందాం. పాపం, వేరే పేరుతో పిలిచేవాళ్ళు ఎవరున్నారు గనక!

పిన్ని వంగి చూసింది. పోయినామె కుట్టు వీడియోల పేజీ. 'అక్కా, కాలరు దగ్గర ముడత పడుతోంది' అని ఎవరో అడిగారు. కింద జవాబు: 'తొందరపడ్డావు కదూ, నా తల్లీ! విప్పి మళ్ళీ కుట్టు, ఏం కాదు.' అచ్చం పోయినామె మాట తీరే! ఆ పేజీలో జవాబులిచ్చే భర్త ఫోను చూస్తే పక్క గదిలో చార్జింగులో ఉంది. చిట్టి ఎప్పుడో తిని లేచిపోయింది. మరి ఎవరు?... ఆయన వంక చూసింది. ఆయన అప్పటికే ఈమె ఒళ్ళో ఉన్న ఫోను వంక, ఈమె వంక చూస్తూ, మెల్లగా నవ్వుతున్నాడు.

ఆ పోయినామె 'కుట్టక్క'. చొక్కా కాలరు ఎలా తిప్పాలో, గౌనుకు కుచ్చులు ఎలా పట్టాలో నవ్వుతూ చూపించే మనిషి. ఫోను చేతిలో ఉన్న ఆడవాళ్ళలో ఆమెను ఎరగనివాళ్ళు తక్కువ. ఆయనేమో ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. పెట్టిన పోస్టు పూట గడవకముందే మునిగిపోకుండా చూడటమే ఆయన పని. ఒక పొడుగు వీడియోని ముక్కలు చేసి తలో చోటా పెడతాడు. ఇక్కడ పొద్దున పెట్టిందే అక్కడ సాయంత్రం, మొదలు మార్చి పెడతాడు. చివర ఒక ప్రశ్న వదులుతాడు. వచ్చిన కామెంట్లకి అన్నిటికీ ఒకేసారి బదులివ్వడు, కాసిని ఇప్పుడు, కాసిని రేపు. జవాబు పడ్డప్పుడల్లా పాత పోస్టు లేచి మళ్ళీ పైకొస్తుందట. జ్వరమని ఆసుపత్రికెళ్ళిన భార్య తిరిగి రాకపోతే, ఆ మనిషికి తెలిసిన విద్య అదొక్కటే. ఆమె పోయిందని పేజీలో ఎవరికీ చెప్పలేదు! వాడని వీడియోలు బోలెడు మిగిలాయి. వాటిని కత్తిరిస్తూ, అతికిస్తూ, ఆమెను పైనే ఉంచుతూ వచ్చాడు.

పిన్ని ఆ ఇంటికొచ్చేసరికి వీడియోలు అడుగంటాయి. రికార్డు చేసిన గొంతు మాత్రం మిగిలింది. పిన్ని రెడీమేడ్ కొట్లో ఆల్టరేషన్లు చేసిన మనిషి. "చేతులు చాలు, మొహం అక్కర్లేదు" అన్నాడాయన. పోయినామె కుర్చీలో కూర్చోబెట్టాడు, ఆమె గోళ్ళ రంగే వేయించాడు. "కత్తెర కాస్త వాల్చు. తను అలా పట్టుకునేది కాదు" అనేవాడు. పిన్ని వాల్చేది. తరవాత వీడియో చూసుకుంటే... తన చేతులు కదులుతుంటే చచ్చిపోయిన మనిషి గొంతు మాట్లాడుతుండేది! ఏ తల్లి కన్నబిడ్డకైనా ఆ బాధ వద్దు. తన వేళ్ళు తనకే పరాయివైపోతుంటే, పిన్ని స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది.

ఆ మధ్యాహ్నం గిన్నెలు సర్దుతుంటే ఆయన వంటింట్లోకి వచ్చాడు.

"ఎంత బాగా రాస్తున్నావో తెలుసా! ఎప్పుడు పట్టావు తన మాట తీరు? చదువుతుంటే తనే పక్కన కూర్చుని అన్నట్టుంది..." అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

'నేను కాదండీ' అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పెళ్ళయ్యాక ఆ మనిషి తనను మెచ్చుకోవడం అదే మొదలు! పిచ్చిది... తలవంచుకుని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఎంత చేటు తెచ్చిందో చూడండి. రాసేది ఈమేననుకున్నాడు ఆయన. ఈమె, ఆయనే ఆఫీసులో కూర్చుని రాసి మరిచిపోతున్నాడేమో అనుకుంది. అత్తగారైతే ఎవరినీ అనుకోలేదు. ఆవిడ ఫోనుకి దణ్ణం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక్క చిట్టి మాత్రం ఏమీ అనలేదు. రోజురోజుకీ చిక్కిపోయింది. బళ్ళో బెంచీ మీదే నిద్రపోతోందని టీచరమ్మ కబురు పెట్టింది.

ఒక పగటిపూట, కడుపునొప్పని చిట్టి బడి మానేసింది. ఆయన ఆఫీసుకెళ్ళాడు, అత్తగారు కునుకు తీస్తోంది. పిన్ని కాచిన పాలు తీసుకుని పిల్లకోసం వెతికింది. గదిలో లేదు. కుట్టు గది తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల కుట్టక్క మాట్లాడుతోంది!

"...ఇప్పుడు మెల్లగా తిప్పండి. అర్థమైందా?"

"అర్థమైంది" అంది ఇంకో సన్నని గొంతు.

"మీరేం కుడుతున్నారో నాకు చెప్పండి మరి!"

"చెప్తా, చెప్తా. ఉండమ్మా, ఇది అయిపోనీ..."

పిన్ని పాలగ్లాసు గడప దగ్గర పెట్టింది. తలుపు తోసింది. కుర్చీలో ఎవరూ లేరు. కత్తిరింపు బల్ల కింద, గుడ్డ పేలికల మధ్య, చిట్టి ముడుచుకుని కూర్చుంది. చేతిలో తల్లి పాత ఫోను, దాంట్లో వీడియో ఆడుతోంది. దానితోపాటు నానమ్మ ఫోను కూడా! వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. తలెత్తలేదు.

పిన్ని నేల మీద కూలబడి ఆ తెర చూసింది. నానమ్మ ఫోనులోంచి ఒక ప్రశ్న: 'అమ్మా అన్నం తిన్నావా?' తల్లి ఫోనులోంచి జవాబు: 'తిన్నాను బంగారం. నువ్వు?' మళ్ళీ: 'నేను తినలేదు. నువ్వు ఎప్పుడొస్తావు?' దాని కింద జవాబు ఇంకా పడలేదు. ఏం రాయాలో పిల్లకి తోచలేదు.

"చిట్టీ!... ఇదేంటి తల్లీ!"

"మాట్లాడించకు పిన్నీ! కిందికెళ్ళిపోతుంది! నాన్నే చెప్పాడు, జవాబు ఆగిపోతే కిందికెళ్ళిపోతుందని. కిందికెళ్తే ఇంకెవరికీ కనపడదని. నాన్న ఆఫీసులో ఉంటాడుగా... అప్పుడెవరిస్తారు? నేనే ఇవ్వాలి! నిద్రపోయి లేచేసరికి అమ్మ ఎంత కిందికి పోతోందో తెలుసా నీకు!" పిల్ల వెక్కుతూనే టైపు చేస్తోంది.

పిన్ని ఫోను లాక్కోలేదు. పక్కనే బల్ల కిందికి దూరి, పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. గదిలో ఆ గొంతు మాత్రం ఆగకుండా, మొదటినుంచీ మళ్ళీ మొదలైంది.

సాయంత్రం ఆయన రాగానే పిన్ని ఆ రెండు ఫోన్లూ చేతిలో పెట్టింది.

"జవాబులు రాసింది నేను కాదు. మీరు మెచ్చుకుంటే సంబరపడి నోరు మూసుకున్నాను, ఆ తప్పు నాది. చదవండి!"

ఆయన చదివాడు. చదివి గోడకు చేరగిలబడ్డాడు.

"నా చేతులు తీసుకున్నారు, ఇచ్చాను. మొహం వద్దన్నారు, దాచుకున్నాను. అక్క మీద నాకు కోపం లేదండీ! కానీ మీరు ఆవిణ్ణి పైకి లాగుతున్నకొద్దీ ఈ పసిది మునిగిపోతోంది... కనపడటం లేదా మీకు?"

"నా వల్ల కాదు" అన్నాడాయన. చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "నీకు తెలీదు... చివరి రోజుల్లో తీసినవాటిలో మాటకో దగ్గు ఉండేది. ఒక్కొక్కటీ కత్తిరించి తీసేశాను, జనానికి వినపడకూడదని. ఆ దగ్గులన్నీ విడిగా దాచాను. పారెయ్యలేకపోయాను! ఒక్కణ్ణే ఉన్నప్పుడు అవే వింటాను. మిగతావన్నీ నేను అతికించిన మాటలు. తనదంటూ మిగిలింది ఆ దగ్గే..."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిట్టి వచ్చి తండ్రి మోకాలు పట్టుకుని, "నాన్నా, నాకూ వినిపించు" అంది.

విన్నారు. నలుగురూ ఆ కుట్టు గదిలో కూర్చుని విన్నారు. మాటల్లేవు, నవ్వుల్లేవు. ఒక మనిషి దగ్గడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ దగ్గడం. ఇన్నాళ్ళ తరవాత ఆ ఇంట్లో ఆమె నిజంగా ఉన్నట్టనిపించింది, నిజంగా పోయినట్టు కూడా. చిట్టి తండ్రి మెడ కరుచుకుని, ఆమె పోయాక ఎప్పుడూ ఏడవనంత ఏడ్చింది.

"అంతా తీసేస్తాను" అన్నాడాయన, కళ్ళు తుడుచుకుని.

"వద్దండీ!" అంది పిన్ని. "ఆవిడ నేర్పిన పని, పదిమందికి ఉపయోగం. ఉండనివ్వండి. ఆవిడ లేదని ఒక్క మాట నిజం రాయండి, చాలు. ఆ తరవాత ఎవరూ జవాబివ్వద్దు. ఆవిడ ఎంత కిందికి పోతే అంత పోనివ్వండి."

ఆయన తలెత్తి చూశాడు. ఈమె చేతుల్ని కాదు, మొహాన్ని! కుడి చెంప మీద చిన్న మచ్చ ఉందని అప్పుడే తెలిసినట్టు అలా చూస్తూ ఉండిపోయాడు.

ఆ ఒక్క మాటా రాశాక కామెంట్లు వరదలా వచ్చాయి. అన్ని వీడియోలకన్నా అదే ఎక్కువ రోజులు పైన నిలిచింది. ఎన్ని కిటుకులు చేసినా రానిది! చిట్టి ఆ రోజులన్నీ వేళ్ళు పిన్ని గుప్పిట్లో పెట్టి కూర్చుంది. ఎవరూ బదులివ్వలేదు. అది మెల్లగా దిగింది. ఒక సాయంత్రం చిట్టి వేలితో తెరను ఎంత తోసినా అది కనపడలేదు. పిల్ల ఫోను పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని, పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి లోపల్నుంచి పిలుపు. "పిన్నీ!"

"ఆఁ" అంది పిన్ని వంటింట్లోంచి.

కాసేపయ్యాక మళ్ళీ, "పిన్నీ!"

"ఆఁ, తల్లీ! ఏం కావాలే?"

"ఏం వద్దు... పలుకుతావో లేదో అని."

పిన్ని పొయ్యి కట్టేసింది. చేతులు తుడుచుకుని గది గుమ్మంలోకి వచ్చి నేల మీద కూర్చుంది. "పిలువు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు" అంది.

చిట్టి గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. చాలాసేపు పిలవలేదు. నిద్రపోయిందనుకుని పిన్ని లేవబోతుంటే, మగత మగతగా ఒక పిలుపు వినపడింది.

"అమ్మా..."

ఎవరిని పిలిచిందో పిన్నికి తెలీదు. అడగనూ లేదు. మళ్ళీ కూర్చుని, "ఆఁ" అంది.