అంగిట్లో మర

పొద్దున ఏడున్నరకు ఆ ఇంటి కోడలు తన కూతుర్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి "ఆ" అనమంది. పదేళ్ళ పిల్ల అంగిట్లో పళ్ళ డాక్టరు బిగించిన చిన్న మర ఉంది. దాని రంధ్రంలో సన్నని తాళంచెవి దూర్చి గొంతు వైపుకు ఒక్క తిప్పు తిప్పింది. రోజుకొకటి. అలా తిప్పితే ఇరుకైన పైదవడ వెడల్పవుతుంది, ముక్కుతో ఊపిరి పీల్చడం తేలికవుతుంది. క్యాలెండర్లో పద్దెనిమిదో టిక్కు పెట్టి, తాళంచెవి అలమారలో పెట్టి, కుట్టుషాపుకు వెళ్ళిపోయింది.

సాయంత్రం డాక్టరు దవడ కొలిచి మొహం చిట్లించింది.

"పద్దెనిమిది తిప్పులా? నాలుగుకు మించి తిరగలేదు. నాతో అబద్ధం ఎందుకమ్మా? ఎముక గట్టిపడితే ఇక ఆపరేషనే."

కోడలు ఇంటికొచ్చి కూతుర్ని నిలదీసింది.

"రోజూ తిప్పాను కదే! ఏం చేశావు?"

పిల్ల తాత వైపు చూసింది. గడియారాలు బాగుచేసే తాత పట్టకారు కింద పెట్టాడు.

"దాన్నేమీ అనకు. నాలుగు రోజులయ్యాక ఒకటే ఏడుపు, నొప్పని. ముందు పళ్ళు కూడా విడిపోతున్నాయి. నువ్వు షాపుకెళ్ళగానే నేనే వెనక్కి తిప్పేవాణ్ణి."

"విడిపోవాలనే కదా తిప్పేది! మీ గోడ గడియారమనుకున్నారా మామయ్యగారూ, ముందుకీ వెనక్కీ తిప్పడానికి?"

"నలభై ఏళ్ళుగా మరలతో బతికినవాణ్ణి. నాకు చెప్పకు."

"ఆ మరల్లో ఒక్కటైనా ఊపిరి పీల్చిందా?"

కోడలు తాళంచెవి తీసి పర్సులో వేసుకుంది.

రాత్రి భోజనాలకు కూర్చున్నారు. పిల్ల రెండు ముద్దలు తిని, నోరు తెరుచుకుని ఆగింది.

"నోరు మూసుకుని నమలవే," అలవాటుకొద్దీ గదమాయించాడు తాత.

"మూస్తే ఊపిరాడదు తాతయ్యా."

"ఇన్నాళ్ళూ మూసేదానివిగా?"

"నువ్వు తిడతావని. ఊపిరి బిగబట్టి గబగబా మింగేసేదాన్ని."

తాత కంచం ముందు నుంచి లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. అన్నం అలాగే ఉంది.

మర్నాడు పొద్దున ఆయన కిటికీ దగ్గర ముందే కూర్చున్నాడు. కంటికి భూతద్దం బిగించుకున్నాడు.

"తాళంచెవి ఇలా ఇవ్వు. నేను తిప్పుతాను."

కోడలు పర్సులోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. "ఒక్క తిప్పే. గొంతు వైపుకి."

"తెలుసు."

పిల్ల నోరు తెరిచి, ఆయన చొక్కా గుప్పెట్లో బిగించింది. తాళంచెవి రంధ్రం చుట్టూ రెండుసార్లు తచ్చాడింది. భూతద్దం లోపల తడి. ఆయనకేమీ కనపడటం లేదు.

కోడలు భూతద్దం తీసుకుని, కుట్టుగుడ్డతో తుడిచి చేతికిచ్చింది.

"కళ్ళు కూడా తుడుచుకోండి. నాకు షాపుకు టైమవుతోంది."

ఈసారి తాళంచెవి నేరుగా రంధ్రంలోకి దిగింది. మర తిరిగింది.

"నొప్పి తాతయ్యా."

"ఉంటుంది. ఓర్చుకో తల్లీ."

కోడలు టిక్కు పెట్టి, కొలతల టేపు మెడలో వేసుకుని బయల్దేరింది. తాళంచెవి ఆయన గడియారాల బల్ల మీదే వదిలి వెళ్ళింది.