నలభై నిమిషాల చీకటి

దీవి రాజధాని సువాలో వాన మామూలే. ఆ మధ్యాహ్నం కూడా పడుతోంది. శశి టిఫిన్ డబ్బా కడిగి, చేతులు తుడుచుకుని, రబ్బరు తొడుగులు వేసుకుని ల్యాబులోకి వెళ్లింది.

అక్కడ గాలి పూర్తిగా తోడేసిన ఉక్కు పెట్టెలో బొత్తామంత లోహపు బిళ్ల ఉంది. దాని మీద సీజియం పొర. లేజరు వెలుగు తగిలితే ఎలక్ట్రాన్లను రాలుస్తుంది. విదేశంలో కడుతున్న, కణాల్ని పరుగెత్తించే యాక్సిలరేటర్‌కి, అతిశీతల ఇంజెక్టర్‌లో పెట్టడానికి సోమవారం పంపాలి. మహా సుకుమారం. రవ్వంత నీటి ఆవిరి సోకినా చచ్చిపోతుంది.

పంపేముందు లేజరు చుక్కతో బిళ్లంతా తడిమి, ఎక్కడ ప్రాణముందో ఎక్కడ లేదో పటం తియ్యాలి. నలభై నిమిషాల పని. ఈలోగా గదిలో దీపం వెలిగితే పటం పాడు, శశి ఉద్యోగమూ పాడు.

ఆ చీకట్లోకి ప్రొఫెసర్ బిజేంద్ర వస్తాడు. తొడుగు లేని చేత్తో దేన్నీ ముట్టుకోరాదని గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది ఆయనే. ఆడవాళ్ల నడుములు ఆ జాబితాలో లేవు.

శశికి ముందు ఇక్కడ పనిచేసిన విద్యావతి రారవాయి చక్కెర మిల్లు కార్మికుడి కూతురు. చిన్నప్పుడు చెరుకు కత్తి తగిలి తెగి, కుడి బొటనవేలి మీద ఏటవాలు మచ్చ. ఆమె బిజేంద్ర మీద ఫిర్యాదు చేసింది. కమిటీ పెద్దమనుషులు కళ్లజోళ్లు సవరించుకుని ఒకటే అడిగారు.

"చీకట్లో అది ఎవరి చెయ్యో నీకెలా తెలుసమ్మా?"

ఆ నెలలోనే మిల్లు పక్కన పారే బా నదిలో శవమై తేలింది. సంతాప సభలో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది బిజేంద్రే.

శశి కంప్యూటర్ తెర మీద నల్లగుడ్డ కప్పి, దీపం ఆర్పింది. రాలే ఎలక్ట్రాన్లను లెక్కించే మీటరు టిక్కు టిక్కుమంటోంది.

ఇరవయ్యో నిమిషంలో తలుపు కిర్రుమంది. ముందు వాసన వచ్చింది. మురిగిన తలనూనె, దాని వెనక బురదలాంటి యంగోనా వేరు మత్తుపానీయం కంపు.

"పొర ఎలా ఉంది బేటీ?"

"బాగుంది సర్. దూరంగా ఉండండి."

"అబ్బో! నేనేం కరుస్తానా?"

నడుము మీద చెయ్యి పడింది. జిడ్డుగా, వెచ్చగా, జెర్రి పాకినట్టు. స్విచ్చు మూరెడు దూరంలో ఉంది. ఇంకా పందొమ్మిది నిమిషాలు... శశి పళ్లు బిగించింది.

అప్పుడు ఇంకో వాసన... కుళ్లిన తీపి. మిల్లు కాలవలో పులిసిన మొలాసిస్, చెరుకు మడ్డి.

మీటరు ఆగింది. పెట్టెలోకి నీటి ఆవిరి చేరిందని అలారం సన్నగా కూసింది. నడుము మీది చెయ్యి బిగుసుకుని... జారిపోయింది.

"శశీ... చెయ్యి తియ్యి."

"నా రెండు చేతులూ బల్ల మీదున్నాయి సర్."

"తియ్యమన్నానా! తడిగా... ఛీ... తోలు ఊడి అంటుకుంటోంది... నోట్లో... నోట్లో పెట్టకు..."

శశి నోరు దానంతటదే కదిలింది.

"చీకట్లో ఎవరి చెయ్యో మీకెలా తెలుసు సర్?"

కుర్చీ పడింది. తలుపు బద్దలైనంత చప్పుడు. వరండాలో ఆయన కక్కుతున్నాడు... ఆగకుండా.

మీటరు మళ్లీ టిక్కుమనసాగింది. నలభై నిమిషాలూ నిండాకే శశి దీపం వేసింది. నల్లగుడ్డ లాగింది.

పటమంతా పచ్చగా ఉంది. మధ్యలో మాత్రం చచ్చిన నల్లమచ్చ. బొటనవేలి ముద్ర. గీతలన్నీ స్పష్టం. వాటిని కోస్తూ ఏటవాలుగా ఒక కోత.

ఆ పెట్టె బోల్టులు ఆఖరిసారి విప్పి పదకొండు రోజులైంది. అప్పట్నుంచి లోపలికి ఎవరి వేలూ వెళ్లే దారి లేదు.

శశి కుడిచేతి తొడుగు లాగింది. అందులోంచి గోధుమరంగు నీళ్లు బల్ల మీదికి జారాయి. వాటికీ అదే కుళ్లిన తీపి. తన బొటనవేలిని ల్యాబు గౌనుకేసి తుడిచింది. మళ్లీ తుడిచింది.

ఏటవాలు మచ్చ పోలేదు. ఎప్పుడో చిన్నప్పుడు తెగి, మానిన మచ్చలా ఉంది.