నూట పన్నెండు వేలిముద్రలు

1930 జూన్ 17. మధ్యాహ్నం పన్నెండు. లంకలో, హట్టన్ దగ్గర తేయాకు తోటలోని బడి.

రేకు పెట్టె ఖాళీ.

నూట పన్నెండు దరఖాస్తులు మాయం. కొత్త రాజ్యాంగం కింద తోట కూలీలకు వోటు రావాలంటే, "లంకలోనే స్థిరపడతాను" అని వేలిముద్ర వేసిన ఆ కాగితాలు ఇవాళ సాయంత్రం ఐదులోగా హట్టన్‌లోని వోటర్ల నమోదు ఆఫీసుకు చేరాలి. ఇదే ఆఖరి రోజు.

సబ్-ఇన్‌స్పెక్టర్ వాన్‌డోర్ట్ తాళం చూశాడు. గీత కూడా పడలేదు.

"తాళంచెవి?"

"ఆ మేకుకే ఉంటుంది దొరా," అన్నాడు అరుళప్పన్ మాస్టారు. ఆర్నెల్లు కూలీల ఇళ్ళ చుట్టూ తిరిగి ఆ ముద్రలు వేయించింది ఆయనే.

"చివరిసారి చూసింది?"

"పొద్దున ఆరింటికి. పిల్లల హాజరు పట్టీలు, పాత ఉత్తరాలు కూడా పోయాయి."

"అనుమానం?"

"హెడ్ క్లర్క్ సిన్నదురై. కూలోళ్ళకి వోటేంటని నవ్వుతుంటాడు."

సిన్నదురై దాచలేదు. "నవ్వాను. ఆరు నుంచీ ఆకు తూకం దగ్గరే ఉన్నా. రెండొందల మంది చూశారు."

"ఎవరితోనైనా ఏమైనా అన్నారా?"

"బడి ఊడ్చే పేచ్చియమ్మతో పరాచికమాడా. ముద్ర వేశావుగా, ఇక మీ ఊరు మర్చిపో అన్నా."

రెండింటికి ముగ్గురినీ బడిలో కూర్చోబెట్టాడు వాన్‌డోర్ట్.

"చదువొచ్చిన దొంగకి హాజరు పట్టీలెందుకు? ఈ మనిషికి కావలసింది తన ముద్ర ఉన్న ఒక్క కాగితం. అదేదో గుర్తుపట్టలేక అన్నీ పట్టుకెళ్ళింది. అవునా పేచ్చియమ్మా?"

ఆమె తల దించుకుంది.

"పొయ్యిలో పెట్టేశా దొరా. సముద్రం అవతల మా ఊళ్ళో, శంకరన్‌కోవిల్లో, మా అమ్మ దగ్గర బిడ్డని వదిలొచ్చా. అప్పుడు మూడేళ్ళు. ఇప్పుడు పదకొండు. ఆ కాగితం ఉంటే ఇక వెళ్ళనివ్వరన్నారు."

"వెళ్ళి రావచ్చమ్మా!" అన్నాడు మాస్టారు. "నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా!"

"పొద్దున అడుగుదామనే వచ్చా మాస్టారూ. మీరు పాడుకుంటూ కాగితాలు సర్దుతున్నారు. మిమ్మల్నంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు. నోరు రాలేదు."

సిన్నదురై కిటికీ వైపు తిరిగాడు.

"ఫారంలో ఏముందో వీళ్ళకు చదివి వినిపించారా?" వాన్‌డోర్ట్ మెల్లగా అడిగాడు.

"టైం చాల్లేదు. మీ మంచికే, ముద్ర వేయండి అన్నాను." మాస్టారు ఖాళీ పెట్టె మూత వేశాడు. "కేసు రాయకండి దొరా."

మూడు కావస్తోంది. కొండల మీద చెదిరి ఉన్న నూట పన్నెండు మందిని పిలిచి, మళ్ళీ ముద్రలు వేయించి, ఐదులోగా హట్టన్ చేరడం జరగని పని.

ఇక వోటు రాదని చెప్పడానికి మాస్టారు కూలీల ఇళ్ళ వైపు బయల్దేరాడు. పేచ్చియమ్మ నాలుగడుగులు ఆయన వెనకే వెళ్ళింది. తర్వాత దారిలోనే కూర్చుండిపోయింది.