ఇంట్లో ఊపిరి లేని వేళ

లాస్యమ్మ సంచిలో రెండు నేతచీరలు, మోకాళ్ళ తైలం, ఒత్తుల డబ్బా సర్దుకుంది. మళ్ళీ ఒత్తుల డబ్బా బయటికి తీసి మేనల్లుడి భార్య ఆముక్త చేతిలో పెట్టింది. బందరులో చెల్లెలి కాలు విరిగింది. కార్తీకం వెళ్ళేదాకా అక్కడ ఉండాలి. ఆముక్త కొడుకు ఈశు పుట్టాక ఆమె ఇల్లు కదలడం ఇదే మొదలు. అందరూ వెళ్తే సంధ్యవేళ దీపం పెట్టేదెవరని ఎవరి పెళ్ళికైనా తానే ఆగిపోయేది.

"స్విచ్చి దీపం కాదమ్మా, నూనెది పెట్టు," అంది.

"అలాగే అత్తయ్యా. రైలు మీ దీపం కోసం ఆగదు, కదలండి," అని నవ్వింది ఆముక్త.

ఈశు వెళ్ళొద్దంటూ ఆమె సంచి మీద కూర్చున్నాడు. వాడి ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తూనే ఉన్నాయి.

గుంటూరు ఎండలకు జనం కిటికీలు మూసేసి ఒక తరం గడిచింది. వాళ్ళుండే సౌధంలో ప్రతి ఇంటికీ చల్లగాలి గొట్టాల్లోంచి వస్తుంది. గొట్టాల్లో పేరుకునే దుమ్మునూ బూజునూ నాళచీమలు తినేస్తాయి. అవి ఆవగింజంత యంత్రాలు. అవి కదిలితే దుమ్ము రేగుతుంది కనుక, ఇంట్లో మనిషి ఊపిరి తగిలినంతసేపూ కదలకుండా పడి ఉంటాయి. ఇల్లు ఇచ్చేటప్పుడే ఈ సంగతి చెప్పారు. ఎవరికీ గుర్తులేదు. గుమ్మానికున్న శ్వాసకావలి వేరే యంత్రం. ఇంటిల్లిపాది ఊపిరినీ కొలిచి, ఎవరివల్ల ఎవరికి జబ్బు చేస్తోందో కనిపెట్టడం దాని పని.

లాస్యమ్మ వెళ్ళాక, ఆఫీసుల వేళకు, బడి వేళకు ఇల్లు ఖాళీ అయ్యేది. కార్తీకం సగం కాకుండానే ఈశుకి పిల్లికూతలు ఆగిపోయాయి. శ్వాసకావలి లెక్క చూసుకుంది. గొట్టాల సంగతి దానికి తెలియదు. ఇంట్లో ఒక మనిషి లేదు, అంతే తెలుసు.

మార్గశిరంలో ఆమె తిరిగి వస్తే తలుపు తెరుచుకోలేదు. ఈ ఊపిరి పిల్లవాడికి పడదని, ఇంటాయన ఒప్పుకుంటేనే తీస్తానని శ్వాసకావలి మర్యాదగా చెప్పింది. మేనల్లుడు కౌస్తుభ్ లోపలే ఉన్నాడు. తల్లి పోయాక అతణ్ణి పెంచింది ఆమే. అతను తియ్యమంటే చాలు.

అతను తలుపు అద్దం దగ్గరికి వచ్చాడు.

"వాడిప్పుడిప్పుడే తేరుకుంటున్నాడు అత్తా. కొన్నాళ్ళు బందరులో ఉండు. నేనే వచ్చి తీసుకొస్తాగా."

"నా వల్లేనంటావా?"

"నేననట్లేదు. అది అంటోంది."

లాస్యమ్మకి రాత్రుళ్ళు వాణ్ణి భుజాన వేసుకుని జోకొట్టడం గుర్తొచ్చింది. తన ఊపిరి వాడి మొహం మీదే పడుతూ ఉండేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దీపం పెడుతున్నారా?" అని మాత్రం అడిగి, సంచి తీసుకుంది.

వైశాఖంలో బడికి సెలవులిచ్చారు. ఆముక్త కూడా సెలవు పెట్టి కొడుకుతో ఇంట్లోనే ఉంది. నెల తిరక్కుండా పిల్లికూతలు మళ్ళీ మొదలయ్యాయి. శ్వాసకావలి ఈసారి ఆముక్త పేరు చెప్పింది. కౌస్తుభ్ ఆ మాట నమ్మలేదు. సౌధం మెకానిక్‌ని పిలిచి గొట్టం మూత తీయించాడు. లోపల నల్లటి దుమ్ము మందంగా పేరుకుని ఉంది. దానికింద నాళచీమలు కదలకుండా పడి ఉన్నాయి.

"ఈమధ్య ఇల్లు ఖాళీగా ఉంచలేదా సార్?" అని అడిగాడు మెకానిక్.

ముగ్గురూ రెండు రోజులు హోటల్లో ఉండి వచ్చారు. ఈశు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

లాస్యమ్మ గుంటూరు ఇంటికి తిరిగి రాలేదు. అంతకు మూడు నెలల ముందే, మాఘంలో, రథసప్తమి మర్నాడు, బందరులో చెల్లెలి ఇంట్లో పోయింది.