పాడుబడ్డ కొలిమిలో ఈల

వాగు మలుపు దగ్గరున్న బుజ్జెమా కొలిమి పేరెత్తితే మేకలు కూడా మేత మానేస్తాయని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. మేకల సంగతి ఏమోగానీ, పొద్దుగుంకాక మనుషులు మాత్రం ఆ దారి తొక్కరు.

మొరాకోలో ఆ కొండల కింద గుర్రాల జాతర జరిగే ఊళ్లన్నిటికీ ఒకప్పుడు బుజ్జెమాయే తుపాకులు చేసేవాడు. గుండు లేని తుపాకులు అవి. రౌతులంతా ఒకే వరసలో దౌడు తీయిస్తూ వచ్చి, గుర్రాలు ఆగీ ఆగకముందే, అందరూ ఒక్కసారిగా ఆకాశంలోకి పేలుస్తారు. ఢాం అని ఒకటే చప్పుడు రావాలి. రెండు వినిపించాయా, ఆ జట్టు పరువు పోయినట్టే.

బుజ్జెమాకి ఒక అలవాటుండేది. ఏ తుపాకీ చేతికొచ్చినా ముందు గొట్టం మూతికి అడ్డంగా ఊదేవాడు. ఖాళీ గొట్టం బొంగురుగా పలుకుతుంది. లోపల మందు మిగిలుంటే ఆ మేరకు గొంతు సన్నబడుతుంది. జీవితమంతా అలా ఊది చూసిన మనిషి, ఒక్కరోజు ఏ తొందరలో ఉన్నాడో, ఊదకుండానే మందు పోశాడు. పాత మందు మీద కొత్త మందు... గొట్టం పగిలింది. కొలిమిలోనే ప్రాణం పోయింది.

అప్పటినుంచీ గాలి వీచే రాత్రుళ్లు ఆ గోడల మధ్య ఎవరో ఊదుతుంటారు — హూ... హూ... అని.

ఆయన దగ్గర పని నేర్చుకున్న మిమూన్ ఇప్పుడు ఆ కొండల్లో పేరున్న తుపాకీ మేస్త్రీ. గురువుగారు పోయాక ఆ కొలిమి గడప తొక్కలేదు. అడిగితే, ‘తీరిక లేదు’ అనేవాడు.

జాతర ముందురోజు సాయంత్రం. మిమూన్ మేనల్లుడు కద్దూర్ జట్టు గుడారంలో పుదీనా చాయ్ తిరుగుతోంది. మిమూన్ నోరు అంతకంటే జోరుగా తిరుగుతోంది.

“నూనె బాగా పూస్తే తుపాకీ బాగుంటుందనుకునేవాడు మేస్త్రీకి శత్రువురా! అది తుపాకీ బాగోగులు చూడడమా, రొట్టె వేయించడమా? వేడినీళ్లతో కడుగు, గాలికి ఆరబెట్టు. ఆ తర్వాత ఒకే ఒక్క చుక్క.”

“ఆ చుక్క కూడా మీరే లెక్కపెట్టి పొయ్యండి, మామా!” అన్నాడెవడో. అందరూ నవ్వారు.

“నవ్వండి. ఇంకొకడి కొలతకి చేసిన తుపాకీ పట్టుకోవడం ఇంకొకడి చెప్పుల్లో ఉరకడం లాంటిది. మా కద్దూర్‌వి పొట్టి చేతులు. అందుకే వాడి తుపాకీ మడమ, అదే వెనక కర్ర, నాలుగు వేళ్లు తగ్గించి చెక్కాను. గుర్రానికి కూడా తెలియకూడదు, వీడు తుపాకీ ఎత్తాడని!”

కద్దూర్ గ్లాసు కింద పెట్టాడు. జట్టుకి నాయకుడు. మీసం ఇంకా పూర్తిగా మాట వినని వయసు.

“అంతా బాగుంది మామా, కానీ ఇందాకటి సాధనలో నీ కొత్త తుపాకీ చేతిని తన్నలేదు. పిల్లిపిల్లలా ఊరుకుంది. రేపు మందు రెండింతలు పోస్తాను.”

మిమూన్ చివుక్కున తల తిప్పాడు.

“నా తుపాకీ... పిల్లిపిల్లా?”

“ఉన్నమాట అన్నాను.”

“ఏదీ, తీసుకురా!”

“ఇక్కడ లేదు. దొంగల భయం కదా, ఏ దొంగా అడుగుపెట్టని చోట దాచాం అన్నిటినీ.” జట్టులో ఒకడు కిసుక్కున నవ్వాడు.

“రెండింతలెందుకు? బస్తా పొయ్యి!” మిమూన్ తన పొడుగు అంగీ, జెల్లాబా, దులుపుకుని లేచాడు. వెళ్లొస్తానని కూడా అనలేదు.

గాడిదెక్కాడు. కోపంలో ఉన్నవాడికి అడ్డదారే కనిపిస్తుంది. పిల్లిపిల్ల... పిల్లిపిల్ల... అని గొణుక్కుంటూ సగం దూరం వచ్చాక గానీ తెలియలేదు, ఏ దారి పట్టాడో.

గాడిద ఆగిపోయింది.

“పదవే తల్లీ...” అన్నాడు మెల్లగా.

అది కదల్లేదు. చెవులు రెండూ కొలిమి వైపు తిప్పింది.

హూ...

మిమూన్ ఒళ్లు జల్లుమంది. బిస్మిల్లా అనుకుంటూ గాడిద మెడ కరుచుకున్నాడు. గాలి పెరిగింది. ఈసారి ఒక గొంతు కాదు — పది గొంతులు, ఇరవై గొంతులు, ఒక్కసారిగా...

హూ...

“మాలెం...” అన్నాడు గురువుగారిని పిలుస్తూ. “నేనే, మిమూన్‌ని. దారిన పోతున్నానంతే.”

గాడిదని వెనక్కి తిప్పబోయాడు. అప్పుడు పట్టుకుంది చెవి. కాళ్లు పారిపోదామంటున్నాయి, చెవి మాత్రం ఆగమంటోంది.

అన్ని గొంతులూ బొంగురే. ఒక్కటి... ఒక్కటే సన్నగా ఉంది.

“ఎవడురా అది,” అన్నాడు, “నిండిన గొట్టం పెట్టింది?”

భయం పోలేదు. కానీ పాతికేళ్లుగా తుపాకులతో బతికిన చెవి అది, ఊరుకోనివ్వలేదు. గడప దాటాడు.

లోపల చీకటి. జేబులో అగ్గిపెట్టె ఉన్నా తీయలేదు. మందు ఉందనుకున్న చోట ఏ మేస్త్రీ అగ్గిపుల్ల గీస్తాడు? చేతులతో తడుముకున్నాడు. విరిగిన కిటికీ కింద, గోడకి ఆనించి వరసగా... నున్నటి కర్ర, చల్లటి ఇనుము. తుపాకులు! మూతులన్నీ కిటికీలోకి, గాలికి ఎదురుగా.

‘ఓరి వెధవల్లారా,’ అనుకున్నాడు. ‘దెయ్యాన్ని కాపలా పెట్టుకున్నారా!’

నవ్వొచ్చింది. ఒక్కో మూతినీ అరచేత్తో మూస్తూ పోయాడు. ఒకటి మూసేసరికి సన్నగొంతు ఆగిపోయింది. ఆ చెయ్యి మెల్లగా కిందికి జారింది, మడమ దాకా.

నాలుగు వేళ్లు పొట్టి.

నవ్వు ఆరిపోయింది. గొట్టంలో వేలు పెట్టి చూశాడు. మసి అంటలేదు.

తన్నలేదంటే మెత్తగా పేలిందని కాదు. అసలు పేలనే లేదు! అందరి ఢాంలో కలిసిపోయి, తనదీ పేలిందనుకున్నాడు కద్దూర్. రేపు దీని మీద రెండింతలు... తనేమన్నాడు? బస్తా పొయ్యి అన్నాడు.

ఆ తుపాకీని చంకన పెట్టుకుని గాడిదెక్కాడు. గాడిద జీవితంలో మొదటిసారి పరుగెత్తింది.

గుడారంలో అందరి ముందూ, చాప మీద, మరచుట్టు ఉన్న ఊచతో, మందు మీద కుక్కిన గుడ్డముక్క లాగి, గొట్టం బోర్లించాడు మిమూన్. నల్లటి మందు కుప్పగా పడింది. ఎండుగానే ఉంది. చిట్టచివర, నిప్పు అందుకునే చోటిది, చిటికెడు మాత్రం నూనెలో నాని ముద్దయింది.

కద్దూర్ ఆ కుప్పనీ, తన రెండు చేతులనీ మార్చి మార్చి చూసుకున్నాడు.

“కొత్తది కదా అని... కొంచెం ఎక్కువే పూశాను మామా.”

“రొట్టె వేయించావు.” మిమూన్ ఊచ పక్కన పెట్టాడు. “నేనూ తక్కువ తినలేదులే. తుపాకీని చూడకుండా నిన్ను తిట్టాను. ఇకమీదట నువ్వు ఊదకుండా మందు పోయొద్దు, నేను చూడకుండా అలగను.”

“నీకెలా తెలిసింది?”

“మీ కాపలావాడు చెప్పాడు.”

“అది గాలి మామా. కిటికీలో పెట్టాం కదా...”

“గాలే,” అన్నాడు మిమూన్. “గాలే.”

మర్నాడు జాతరలో ఒకటే ఢాం. కొండ అవతలి ఊళ్లో కుక్కలు మొరిగాయట. సాయంత్రానికి తుపాకులన్నీ లారీ ఎక్కి జట్టుతో పాటు వెళ్లిపోయాయి.

చీకటి పడ్డాక మిమూన్ అదే అడ్డదారిన వచ్చాడు. ఈసారి కోపం లేదు, కావాలనే వచ్చాడు. వాగు మీంచి గాలి గట్టిగా కొడుతోంది. కొలిమి కిటికీ బోసిగా ఉంది. లోపల ఒక్క గొట్టం కూడా లేదు. పొద్దున తనే దగ్గరుండి అన్నీ తీయించాడు.

హూ...

ఒకే గొంతు. బొంగురుగా, నిండుగా.

గాడిద ఆగలేదు. మిమూనే ఆపాడు. టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

“అన్నీ ఊది చూశాం, మాలెం. అన్నీ ఖాళీయే.”

ఊదడం ఆగిపోయింది.

గాలి మాత్రం... వీస్తూనే ఉంది.